ఫోటో తీసేది ఎవరు?

ధర్మవరంలో పట్టుచీర బొమ్మ లేని వీధి కనబడదు. అంగళ్ళ ముందు నిలువెత్తు పటాలలో పెళ్ళికూతుళ్ళు నవ్వుతూ వుంటారు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది చిత్రాలలో వున్న అంచులూ, లతలూ మా చీరల మీద వున్నాయని వ్యాపారస్తులు గర్వంగా చెబుతారు. నిజమే. పదహారో శతాబ్దపు ఆ చిత్రాలలో గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో సహా, పొడవాటి కుళ్ళాయిలు పెట్టుకుని కనబడతారు. వారి వొంటి మీది వస్త్రాల పనితనం కూడా కనబడుతుంది. ఆ గుడ్డ నేసినవాడు మాత్రం కనబడడు. దాదాపు ఐదు శతాబ్దాలు గడిచిపోయినా ఈ విషయంలో పెద్ద మార్పు వచ్చినట్టు లేదు.

అలాగని మన ప్రాంతపు పేదవారికి ఫోటోలు తక్కువని అనుకోరాదు. రేషను కార్డుకు ఒకటి, ఆధారుకు ఒకటి, పదో తరగతి హాలు టిక్కెట్టుకు ఒకటి. ఏదైనా పథకం కింద చెక్కు ఇస్తే, ఆ చెక్కు ఒక కొన పట్టుకుని నాయకుని పక్కన నిలబడినది మరొకటి. ఉపాధి హామీ పనులలో రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడాన్ని 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మన పాత అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైందన్న సంగతి పాఠకులకు తెలిసినదే. గంప నెత్తిన పెట్టుకుని రోజుకు రెండుసార్లు కెమెరా ముందు నిలబడిన మనిషికి ఆ కెమెరాతో తాను ఏదైనా చూపించే అవకాశం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇక పత్రికల సంగతి. మా సంగతే గనుక మొగమాటం లేకుండా చెప్పుకోవచ్చు. మన జిల్లా పేరు చెప్పగానే అచ్చయ్యే బొమ్మ ఒక్కటే. బీటలు వారిన నేల, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్న ముసలి రైతు. ఈ అలవాటు కొత్తది కాదు. 1876–78 నాటి ధాత కరువులో హూపర్ అనే సైనికాధికారి మదరాసు రాజధానిలో ఎముకల గూళ్ళైపోయిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఫోటో తీసుకుని, వారికి పిడికెడు అన్నం పెట్టకుండా పంపివేశాడని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడక ముందు మన ప్రాంతం బళ్ళారి జిల్లాలోది. ఆ కరువు దెబ్బ గట్టిగా తిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. నూట యాభై ఏళ్ళుగా మనలను ఎవరో వచ్చి ఫోటో తీస్తున్నారు. ఆ బొమ్మలు అబద్ధాలని అనడం లేదు. వాటిలో ఏది వుండాలో, ఏది వుండకూడదో నిర్ణయించినది మనం కాదు, అంతే.

‘ఇప్పుడు ప్రతి ఇంటా సెల్‌ఫోను వున్నది గదా, పిల్లలు పొద్దస్తమానం ఫోటోలు తీస్తూనే వున్నారు గదా, కొత్తగా చేయవలసినది ఏమున్నది?’ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఐతే ఆ ఫోను ఎవరి జేబులో వుంటున్నదో కొంచెం గమనించాలి. తండ్రి జేబులోనో, అన్న జేబులోనో వుంటుంది. ఆడపిల్ల చేతికి వస్తే ‘ఎవరితో మాట్లాడుతున్నావు?’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. మగపిల్లలు తీసేదైనా ఏమిటి? హీరో కటౌటు, మోటారు సైకిలు మీద తాను, ఫ్లెక్సీలో నాయకుని కాళ్ళ దగ్గర అగ్గిపెట్టె అంత తన ముఖం. వారిని తప్పు పట్టి లాభం లేదు. ‘నీకు తెలిసినది, మాకు తెలియనిది ఒకటి చూపించు’ అని వారిని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మేకు ఫోటో

అలా అడిగినవారు ప్రపంచంలో కొందరున్నారు. వారిలో ఒక ఉదంతం మన జిల్లాలో ప్రతి అధికారీ, ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకోదగ్గది. 1973లో పెరూ దేశంలో ప్రభుత్వం ఒక అక్షరాస్యతా కార్యక్రమం నడిపింది. పాలో ఫ్రేరీ అనే బ్రెజిల్ విద్యావేత్త ఆలోచనలు దానికి పునాది. అందులో పనిచేసిన నాటకకర్త ఆగస్తో బోల్ ఈ సంగతి రాశాడు. రాజధాని లిమాలోని పేదవాడల వారికి కెమెరాలు ఇచ్చి, ప్రశ్న అడిగి, జవాబు మాటలతో కాకుండా ఫోటోతో చెప్పమన్నారు. ‘దోపిడీ అంటే ఏమిటి?’ అన్నది ఒక ప్రశ్న. కొందరు అంగడివాణ్ణి తీసుకువచ్చారు, కొందరు అద్దె వసూలు చేసేవాణ్ణి, మరికొందరు ప్రభుత్వ కార్యాలయాన్ని. ఒక చిన్న పిల్లవాడు గోడకు కొట్టిన మేకును ఫోటో తీసుకువచ్చాడు.

పెద్దలకు అర్థం కాలేదు. తోటి పిల్లలు మాత్రం అదే సరైన జవాబు అన్నారు. విషయం ఏమంటే, ఆ పిల్లలు ఐదారేళ్ళ వయసు నుంచే ఊరి నడిబొడ్డున బూట్లు పాలిష్ చేసి బతికేవారు. వారి గుడిసెలు చాలా దూరం. బరువైన పాలిష్ పెట్టెను రోజూ మోసుకుపోలేరు. అందుకని ఏదో ఒక అంగడి గోడకు వున్న మేకుకు రాత్రిళ్ళు ఆ పెట్టె తగిలించి వెళ్ళేవారు. ఆ మేకుకు అంగడివాడు అద్దె వసూలు చేసేవాడు.

ఏ సర్వే కాగితంలోనైనా ‘మేకు అద్దె’ అన్న గడి వుంటుందా? వుండదు. ఆ గడి వుండాలని తట్టేది ఆ పెట్టె మోసినవాడికే. ఈ పద్ధతిలోని బలమంతా ఇక్కడే వున్నది. ఫోటో బాగా వచ్చిందా, వెలుతురు సరిగా పడిందా అన్నది దీనిలో చిన్న విషయం.

అమెరికాలో వెండీ ఈవాల్డ్ అనే ఆమె 1975లో కెంటకీ కొండలలోని బొగ్గుగనుల ప్రాంతపు పిల్లలకు కెమెరాలు ఇచ్చి ఈ పని మొదలుపెట్టింది. తరువాత గుజరాత్‌లోని విచ్య గ్రామానికి వచ్చి అక్కడి పిల్లలతోనూ చేయించింది. 1992లో చైనాలోని యునాన్ రాష్ట్రంలో కారొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు గ్రామీణ స్త్రీలకు కెమెరాలు ఇచ్చి, వారు తెచ్చిన ఫోటోలను అధికారుల ముందు పెట్టించారు. తల్లులు చేలో పని చేస్తూంటే పసిబిడ్డలకు కాపలా ఎవరన్న సంగతి అధికారులకు ఆ ఫోటోలతోనే గట్టిగా తగిలింది. పిల్లల సంరక్షణ, మంత్రసానుల శిక్షణ, ఆడపిల్లల చదువుకు సాయం మొదలైన వాటి మీద కదలిక వచ్చింది. వాంగ్, బరిస్ ఒక ముఖ్యమైన జాగ్రత్త తీసుకున్నారు. ఫోటోలు ఎవరు చూడాలో, చూసి ఏదైనా చేయగలవారు ఎవరో ముందే చూసుకుని, వారిని మొదటి నుంచే ఇందులోకి దింపారు. మన వద్ద సర్వసాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. ప్రదర్శన ఐపోయాక అధికారిగారిని రిబ్బను కత్తిరించడానికి పిలుస్తాము.

అంత దూరం పోనక్కరలేదు. మన తెలుగునాటనే జహీరాబాదు దగ్గర పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ప్రాంతపు దళిత స్త్రీలు, చాలామంది బడి ముఖం చూడనివారు, వీడియో కెమెరా పట్టారు. 2001లో వారి కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. 2003లో వరంగల్లు ప్రాంతపు రైతులకు బీటీ పత్తి ఏం చేసిందో వారే సినిమా తీశారు. 2008లో సంగం రేడియో పెట్టుకున్నారు. కెమెరా ఎత్తున వుండి మనిషిని కిందికి చూడడంలో, కింద వుండి పైకి చూడడంలో వారికి పటేలుకూ పాలేరుకూ వుండే సంబంధం కనబడింది. మనిషి కంటికి సమానంగా కెమెరా పెట్టి తీసేదానికి మాత్రం వారు ‘సంగం షాట్’ అని పేరు పెట్టుకున్నారు. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు గనుక. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవారికి ఈ పేరు తట్టి వుండేది కాదేమో!

మన మూడు ఊళ్ళు

హిందూపురం సరిహద్దు ఊరు. ఒక తరగతి గదిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల, కన్నడం మాట్లాడే పిల్లవాడు, ఉర్దూ మాట్లాడే పిల్ల ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వ్యాసరచన పోటీ పెడితే బహుమతి పుస్తకాల తెలుగు బాగా వచ్చినవారికే పోతుంది. మిగిలినవారికి చెప్పడానికి ఏమీ లేక కాదు. దుస్తుల ఫ్యాక్టరీ బస్సు కోసం తెల్లవారకముందే రోడ్డు మీద నిలబడే అక్కలు, చింతపండు కొట్టి గింజ తీసే ఇళ్ళు, పట్టుగూళ్ళ మార్కెట్టు, బెల్లం మండీ — ఇవన్నీ వారికి తెలిసినంతగా మనకు తెలియవు. ఫోటో కింద రెండు వాక్యాలు తమకు వచ్చిన భాషలో రాసుకోనిస్తే చాలు.

పెనుకొండలో ఫోటోలు తీయడానికి వచ్చేవారికి కొదవ లేదు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని ఐన ఊరు అది. గగన్ మహల్ ముందు, కొండ మీద, బాబయ్య దర్గా దగ్గర రోజూ ఎవరో ఒకరు ఫోటో తీసుకుంటూనే వుంటారు. దగ్గరలోని ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. 2019 ఆగస్టులో అక్కడి సెల్టోస్ కారు మార్కెట్టులోకి విడుదలైంది. మనం చూసిన ఫోటోలన్నీ హైవే వైపు నుంచి తీసినవే. ఊళ్ళ వైపు నుంచి చూస్తే ఆ ఫ్యాక్టరీ ఎలా కనబడుతుంది? చుట్టుపక్కల గ్రామాల పిల్లలను అడగాలి. అన్నీ ఏడుపు బొమ్మలే వస్తాయని ముందే అనుకోవడం కూడా పొరపాటే. ఒకరు గుమ్మానికి తగిలించిన అన్న యూనిఫారమునూ, గుర్తింపు కార్డునూ తీసుకురావచ్చు. మరొకరు ఒకప్పుడు గొర్రెలు మేసిన చోట కట్టిన గోడను తేవచ్చు. రెండూ ఒకే ఇంటివి కూడా కావచ్చు.

ఇక ధర్మవరం. ఈ పని అన్నిటికంటె కష్టమయ్యేదీ, అన్నిటికంటె అవసరమైనదీ ఇక్కడే.

చీర ఖరీదు ఎంత పెరిగినా కూలి మగ్గం మీద నేసేవానికి మిగిలేది స్వల్పం. ముడి పట్టు ధర ఒకవైపు, మరమగ్గం మరొకవైపు నొక్కుతున్నాయి. చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ 1985లో చేసిన చట్టం వున్నది గాని, మరమగ్గం గుడ్డ చేనేత పేరుతో అమ్ముడుపోతూనే వున్నదని నేతగాళ్ళు మొర పెట్టుకుంటూనే వున్నారు. బయటి మనిషిని కూలికి పెట్టుకునే స్తోమతు లేని ఇంట్లో కండెలు చుట్టడానికీ, పక్క పనికీ చేయి ఎక్కడిది? ఇంటి పిల్లలదే. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు బడి వేళల తరువాత, సెలవులలో ఇంటి వృత్తిలో ప్రమాదం లేని పనికి సాయపడవచ్చు. సాయం ఎక్కడ ముగుస్తుంది, పని ఎక్కడ మొదలవుతుంది? పగలు పదకొండు గంటలకు వచ్చే తనిఖీ అధికారికి పిల్ల బడిలోనే కనబడుతుంది. తెల్లవారుజామున రాట్నం దగ్గర కనబడేది ఎవరికి? ఆ పిల్లకే. రాట్నం వెనుక గోడ గడియారంలో ఎన్ని గంటలైందో ఆ పిల్ల తీసిన ఫోటోలో తెలిసిపోతుంది.

ఐతే ఇక్కడే చిక్కు వున్నది. ఆ ఫోటో బయటికి వస్తే మొదట చిక్కుల్లో పడేది ఎవరు? ఆ పిల్ల తండ్రి. చీరకు ఇంత అని కూలి కట్టినవాడు, బాకీ పద్దు రాసుకున్నవాడు ఆ ఫోటోలో వుండడు. వర్షాకాలంలో గుంటమగ్గం గుంతలో నీరు ఊరితే అందులోనే కాళ్ళు పెట్టుకుని నేసిన మనిషి మీద కేసు పడుతుంది. ఇటువంటి ఫోటోల వల్ల మేలు జరగాలంటే, పిల్లలకు ఫోటో తీసే హక్కుతోపాటు దాన్ని చూపించకుండా దాచుకునే హక్కు కూడా వుండాలి. తీసిన వాటిలో ఏవి బయట పెట్టాలో వారే కూర్చుని, ఇంట్లోవారితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఏ ఉత్సాహవంతుడైన సంస్థ కార్యకర్తా ‘ఇది చాలా బాగుంది’ అని దాన్ని లాక్కుని వాట్సప్‌లో పెట్టరాదు.

ఈ హెచ్చరికకు కారణం వున్నది. కలకత్తా సోనాగాచీలో వేశ్యావాడ పిల్లలకు జానా బ్రిస్కీ అనే ఫోటోగ్రాఫరు కెమెరాలు ఇచ్చి నేర్పిన సంగతి 2004లో సినిమాగా వచ్చింది. దానికి 2005లో ఆస్కార్ బహుమతి కూడా వచ్చింది. పిల్లల ఫోటోలు నిజంగానే అద్భుతమైనవి. కాని ఆ తల్లులను చెడ్డవారుగా చూపించారని, వారి బతుకులు బట్టబయలయ్యాయని అక్కడి స్త్రీల సంఘమే ఆక్షేపించింది. పిల్లల చేతిలో కెమెరా వున్నది, సినిమా కెమెరా మాత్రం వేరే వారి చేతిలో వున్నది. కథ చెప్పినది రెండోదే.

మరొక విషయం. మన వద్ద ఏ పని మొదలుపెట్టినా పోటీ పెట్టి, ప్రథమ, ద్వితీయ బహుమతులు పంచనిదే తోచదు. ఈ పనికి పోటీ పెడితే చెడిపోయినట్టే. బహుమతి అనగానే పిల్లలు పెద్దలకు నచ్చేది తీస్తారు. మగ్గం ముందు నవ్వుతున్న పిల్ల, సూర్యాస్తమయంలో పెనుకొండ కోట, లేపాక్షి నంది. క్యాలెండర్లకు పనికివస్తాయి. గడియ లేని హాస్టలు స్నానాల గది తలుపును ఎవరూ తీయరు. లిమా పిల్లవాని మేకుకు ఏ న్యాయనిర్ణేతా బహుమతి ఇచ్చి వుండడు.

హక్కు మాట కూడా చెప్పుకోవాలి. మన దేశపు 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫోటో తీసినవారే దానికి కర్త. తీసినది పద్నాలుగేళ్ళ పిల్లైనా అంతే. కనుక ఆ ఫోటోను ఏ సంస్థ తన విరాళాల పత్రికలో వేసుకోవాలన్నా, ఏ శాఖ తన పథకం ప్రచారానికి వాడుకోవాలన్నా, ఆ పిల్లనూ, పెద్దలనూ అడగవలసిందే. మా పత్రికలవారికి కూడా ఇదే వర్తిస్తుంది.

జరగవలసిన పని పెద్దదేమీ కాదు. ఒక హాస్టలు నుంచో, ఒక కాలనీ నుంచో పది పదిహేనుమంది పిల్లలు. అందులో ఆడపిల్లలు సగానికి తగ్గరాదు. పంచుకోవడానికి నాలుగైదు ఫోన్లు. వారానికి ఒక ప్రశ్న. తెచ్చిన వాటి నుంచి తలా మూడు ఏరుకుని, గుండ్రంగా కూర్చుని, ఇందులో ఏం కనబడుతున్నది, నిజానికి ఏం జరుగుతున్నది, ఇది ఎందుకు ఇలా వున్నది అని ఒకరినొకరు అడగడం. ఫోటోలో వున్న మనిషిని ముందుగా అడిగి తీయడం ఎలాగో నేర్పడం. అది ఒక్కటే ఒక ఆదివారం పడుతుంది. చివర కాగితం మీద ప్రింట్లు వేయించి గోడకు పెట్టడం. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్‌కు, 1969 నుంచి ఈ ప్రాంతంలో వున్న ఆర్‌డీటీకి పిల్లలతో పనిచేసిన అనుభవం వున్నది. కస్తూర్బా బాలికా విద్యాలయాలు, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు, శాఖా గ్రంథాలయాలు ఎటూ వున్నాయి.

అధికారులు చేయవలసినది కొంచెమే, కాని అదే ముందు జరగాలి. ప్రదర్శన మొదటి రోజు రెండు గంటలు పిల్లల ఎదుట కూర్చుంటామని, ప్రతి ఫోటోకు ‘అవుతుంది’, ‘కాదు’, ‘ఎందుకు కాదు’ అని ఒక నెలలో రాతపూర్వకంగా జవాబిస్తామని ఒక ఉత్తరం ఇవ్వాలి. సోమవారం నాడు తీసుకునే అర్జీలకు రసీదు ఇస్తున్నారు గదా, దీనికీ ఇవ్వవచ్చు. ఆ ఉత్తరం రాకపోతే కెమెరాలు పంచకుండా వుండడమే మంచిది. పిల్లలకు ఆశ పెట్టి ఊరుకోవడం కంటె ఏమీ చేయకపోవడం నయం.

2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. ధర్మవరంలో ఆ రోజు ఊరేగింపు, వృద్ధ నేతగాళ్ళకు శాలువా, ఉపన్యాసాలు ఎలాగూ వుంటాయి. ఆ సభ జరిగే చోటనే ఒక గోడ ఈ పిల్లలకు వదిలిపెట్టవచ్చు. హిందూపురం, పెనుకొండ హాస్టళ్ళకు నవంబరు 14 దాకా గడువు వున్నది.

నేర్పేవారి కోసం హైదరాబాదు వైపు చూడనక్కరలేదు. సెల్‌ఫోన్లు వచ్చాక మన ఊళ్ళ ఫోటో స్టూడియోలవారికి పెళ్ళిళ్ళు తప్ప పని లేకుండా పోయింది. హాలు టిక్కెట్టు ఫోటోలు కూడా ఇప్పుడు జిరాక్సు అంగళ్ళలోనే తీసేస్తున్నారు. ఆషాఢమాసంలో ముహూర్తాలు వుండవు గనుక వారు పూర్తిగా ఖాళీ. ఆషాఢం ముగిసిన కొద్ది రోజులకే సాధారణంగా ఆగస్టు 7 వస్తుంది. వెలుతురు ఎటు నుంచి పడితే ముఖం కనబడుతుందో, ఎటు నుంచి పడితే ముఖం తెలియకుండా తీయవచ్చో ఆ స్టూడియోలవారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మొదట వారినే అడగాలి.